పాటకు తలయూచు దీపము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలయందు గ్రంథాలయోద్యమమును గూర్చియో, భాషా సాహిత్యములను గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి ప్రసంగ విషయము దానికి కొంత భిన్నమైనది. ఇంటి గోడమీద ఇన్నాళ్లు మౌనముగ వెలిగిన ట్యూబులైటును గూర్చినది ఈ ప్రసంగము. ఆ దీపమును మాటకు, పాటకు, డప్పు దరువునకు అనుగుణముగ వెలిగించుట ఎట్లు, అందలి శాస్త్రమేమి, అందలి అపాయమేమి అనునవి ఇందు విచారింపబడును.

వినాయక చవితి మండపములందును, బతుకమ్మ ఆటల రాత్రులందును, పెండ్లి పందిళ్లయందును పాట హెచ్చినప్పుడు హెచ్చుచు, తగ్గినప్పుడు తగ్గుచు మెరయు దీపములను గ్రామస్థులు చూచియే యుందురు. చూచిన బాలుడు మొదట అడుగు ప్రశ్న "దీపమునకు చెవులున్నవా?" అని. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పువారున్నచో అతడు విద్యార్థి యగును. చెప్పువారు లేనిచో అతడే తీగెలు చేతబట్టుకొని కరెంటు బోర్డు వద్దకు పోవును. అచ్చటి 230 వోల్టుల విద్యుత్తు అతని వయస్సును గాని, కుతూహలమును గాని లెక్కచేయదు. కుతూహలమును చంపకుండ ప్రాణమును కాపాడు మార్గ మొక్కటే: తెలియజెప్పుట. తెలియజెప్పుట గ్రంథాలయ ధర్మము గనుక ఈ విషయము ఈ సభకు తగినదే.

మొదట ట్యూబులైటు స్వరూపమును తెలిసికొనవలయును. అది రెండు కొనలు మూసిన గాజు గొట్టము. లోపలి గాలిని తీసివేసి, అల్ప పీడనమున ఆర్గాన్ వంటి జడవాయువును, కొన్ని మిల్లీగ్రాముల పాదరసమును అందుంచెదరు. రెండు కొనలయందును టంగ్‌స్టన్ తీగె చుట్టలు కలవు. వేడెక్కినప్పుడు ఎలక్ట్రానులను సులభముగ విడుచు పూత ఆ చుట్టలపై నుండును. గొట్టపు లోగోడకు తెల్లని పొడి పూయబడి యుండును. విద్యుత్తు ప్రవహించునప్పుడు ఎలక్ట్రానులు పాదరసపు పరమాణువులను ఢీకొనగా, ఆ పరమాణువులు కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను వెలువరించును. వానిలో ముఖ్యమైనదాని తరంగదైర్ఘ్యము 253.7 నానోమీటర్లు. తెల్లపొడి ఈ కిరణములను మ్రింగి, కంటికి కనబడు వెలుగుగ మార్చి విడుచును. కావున ట్యూబులైటు వెలుగనగా చాల వరకు గోడకు పూసిన పొడి వెలుగే. పొడి లేని గొట్టమున మసక నీలికాంతి మాత్రమే కనబడును.

పాదరసపు వెలుగునకు భారతదేశ విజ్ఞాన చరిత్రలో గొప్ప స్థానము కలదు. 1928లో కలకత్తా నగరమున సర్ సి. వి. రామన్ తన పేర ప్రసిద్ధికెక్కిన కాంతి ఫలితమును పరిశీలించుటకు వాడినది పాదరసపు ఆర్కు దీపమే. ఆ దీపము వెలువరించు 435.8 నానోమీటర్ల ఊదా కిరణము వారికి సాధనమైనది. అదే కిరణము ప్రతి ట్యూబులైటునందును నేటికిని కలదు. రామన్ శిష్యులలో నొకరైన సూరి భగవంతముగారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలరుగ పనిచేసిరి. ఇట్లు గ్రామ గృహమున వెలుగు దీపమునకును, నోబెల్ బహుమానము నందిన పరిశోధనకును చుట్టరికము కలదు.

ట్యూబులైటునకు ఒక విచిత్ర స్వభావము కలదు. మామూలు తీగె బల్బు గుండ ప్రవాహము హెచ్చినకొలది తీగె వేడెక్కి ప్రవాహమును అడ్డగించును. ట్యూబులైటునందు ఇది తారుమారు. ప్రవాహము హెచ్చినకొలది లోపలి వాయువు మరింత దారి నిచ్చును. చెఱువు కట్టకు గండి పడినప్పుడు జరుగునది ఇదియే: నీరు పారినకొలది గండి పెద్దదగును, గండి పెద్దదైనకొలది నీరు మరింత పారును. అడ్డు లేనిచో ట్యూబు కూడ క్షణములో మాడిపోవును. ఈ గండికి తూమువలె పనిచేయునదియే చోక్. అది ఇనుప రేకులపై చుట్టిన రాగితీగె చుట్ట. ప్రవాహమును మితిమీరనీయక నిలుపుట దాని పని. స్టార్టరు మొదట కొనలయందలి తీగె చుట్టలను వేడిచేసి, పిదప తటాలున విడిపోవును. అప్పుడు చోక్ ఒక్క క్షణము హెచ్చు వోల్టేజీని పుట్టించి దీపమును అంటించును. ఒకమారు అంటుకొన్న నాలుగడుగుల ట్యూబునకు వెలుగుచుండుటకు సుమారు 100 వోల్టులు చాలును. అంటుటకు హెచ్చు వోల్టులు, నిలుచుటకు తక్కువ వోల్టులు అను ఈ భేదమును గుర్తుంచుకొనవలయును. పాటకు దీపమును జతచేయు పనిలో చిక్కంతయు ఇచ్చటనే కలదు.

ఇక ఒక సంగతి విన్నచో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. పాత చోక్‌తో వెలుగు ప్రతి ట్యూబులైటు ఇదివరకే ఒక స్వరమును పాడుచున్నది. గ్రామమునకు వచ్చు విద్యుత్తు సెకండునకు 50 మారులు ముందునకును వెనుకకును ఊగును. ముందునకు ఊగినప్పుడొకసారి, వెనుకకు ఊగినప్పుడొకసారి దీపము వెలుగును. కావున వెలుగు సెకండునకు 100 మారులు హెచ్చి తగ్గుచుండును. కన్ను ఇంత వేగమును పట్టలేదు గనుక వెలుగు నిలకడగ నున్నట్లే తోచును. కాని దీపము క్రింద ఒక పుల్లను వేగముగ ఆడించినచో ఒక పుల్లకు బదులు పలు పుల్లలు కనబడును. తిరుగుచున్న పంకా రెక్కలు కొన్ని వేగములయందు నిలిచినట్లో, వెనుకకు తిరుగుచున్నట్లో భ్రాంతి కలుగును. లేతు యంత్రములున్న కర్మాగారములయందు ఈ భ్రాంతివలన తిరుగు యంత్రము నిలిచియున్నదని చేయి పెట్టు అపాయము కలదు. అందువలననే పక్కపక్క దీపములను వేరువేరు ఫేజులకు కలుపు పద్ధతి ఏర్పడినది. చోక్ చేయు "గుయ్" మను ధ్వని కూడ దాని ఇనుప రేకులు సెకండునకు 100 మారులు కంపించుటవలన పుట్టునదే.

ఈ వెలుగు పాటను చెవితో వినుటకు సులభమైన ఉపాయము కలదు. బొమ్మలయందును, తోట దీపములయందును వాడు చిన్న సోలారు పలక నొకదానిని తీసికొని, దాని రెండు తీగెలను బ్యాటరీతో పనిచేయు చిన్న యాంప్లిఫైయరు మైకు ద్వారమునకు కలుపవలయును. పలకను ఎండలో పెట్టినచో స్పీకరు మౌనముగ నుండును, ఏలయన సూర్యకాంతి నిలకడయైనది. టార్చిలైటు ఎదుట పెట్టినను మౌనమే. టార్చికిని పలకకును నడుమ దువ్వెన పండ్లను జరిపినచో "జుర్రు" మను శబ్దము వచ్చును. పాత ట్యూబులైటు క్రిందికి పలకను తెచ్చినంతనే నిండైన మంద్రస్వరము వినబడును. అది సెకండునకు 100 కంపనముల స్వరము. ఎలక్ట్రానిక్ చోక్ గల దీపములు సెకండునకు ఇరువది వేలకు మించిన వేగమున నడచును గనుక వాని పాట చెవికి అందని ఎత్తున నుండును. ఈ ప్రయోగమున ఇంటి కరెంటును తాకు పని ఎచ్చటను లేదు. ఎనిమిదవ తరగతి చదువు బాలిక సైతము నిర్భయముగ చేయదగినది. వెలుగునందు ధ్వని ఇమిడి యుండగలదను సత్యము ఇంత సులభముగ మరి దేనివలనను బోధపడదు.

ధ్వనిని వెలుగునకు అప్పగించు యత్నము నేటిది కాదు. టెలిఫోనును కనుగొన్న అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటరు 1880లో వాషింగ్టన్ నగరమున ఫోటోఫోను అను పరికరమును నిర్మించిరి. మాట తగిలి కంపించు పలుచని అద్దముపై సూర్యకాంతిని ప్రసరింపజేసి, ఆ కాంతిని దూరముననున్న సెలీనియము పలకపై పడునట్లు చేసిరి. ఒక పాఠశాల మేడపైనుండి సుమారు 213 మీటర్ల దూరమునకు మాట తీగె లేకుండ పోయినది. రేడియో పుట్టుకకు ముందటి మాట ఇది. బెల్ తన పరికరములన్నిటిలోను దీనినే గొప్పదిగ నెంచెను.

తరువాత 1898లో జర్మనీ దేశమున హెర్మన్ సైమన్, కర్బనపు ఆర్కు దీపమునకు మైకు ప్రవాహమును కలిపినచో ఆ దీపపు జ్వాలయే మాటలాడునని చూపెను. మరుసటి సంవత్సరము, అనగా 1899లో, లండనునందు విలియం డడెల్ ఆర్కు దీపమును స్వరములు పాడునట్లు చేసెను. వీధిదీపములుగ వాడు ఆర్కులు చేయు రొదను మాన్పించుటకు పూనుకొన్న యత్నముననే ఆయనకు ఈ పాడు దీపము లభించినది. ఒకరు చెవికి బాధయని తొలగింపబోయిన రొదయే పాటగ మారుట విజ్ఞాన చరిత్రలోని వింతలలో నొకటి.

ఈ విద్య తెలుగువారి బ్రతుకులోనికి ప్రవేశించినది టాకీ చిత్రములతో. హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో ప్రజల ముందునకు వచ్చినది. ఆ కాలపు చిత్రములయందు పాట ఎచ్చట దాగియుండెడిది? ఫిలిము అంచున, బొమ్మల ప్రక్కన, సన్నని పట్టీగ నుండెడిది. ధ్వని ననుసరించి వెలుగును హెచ్చించి తగ్గించి ఆ పట్టీని ముద్రించెడివారు. ఇందలి పద్ధతులలో నొకటి వాయువు నింపిన దీపమునకు ధ్వని ప్రవాహమును పంపి, దాని వెలుగును నేరుగ ఫిలిముపై పడనిచ్చుట. అమెరికాలో థియొడోర్ కేస్ రూపొందించిన అట్టి దీపమును 1927 ప్రాంతమున ఫాక్స్ మూవీటోన్ వారు వార్తా చిత్రములకు వాడిరి. పాటకు వెలుగు ట్యూబులైటునకు నిజమైన పెద్దన్న ఆ దీపమే.

గుడారములలో టూరింగు టాకీసు ఆడిన దినములలో పల్లె ప్రజలు తెరమీది బొమ్మను మాత్రమే చూచిరి. వెనుకనున్న యంత్రములో మరియొక చిన్న దీపము ఫిలిము అంచు గుండ ప్రసరించి, కాంతిఘటముపై పడి, మరల పాటయై స్పీకరులో పలికెడిది. ఆ చిన్న దీపమునకు ఒకే దిక్కున పారు నిలకడయైన విద్యుత్తునే ఇచ్చెడివారు. ఊగిసలాడు కరెంటు నిచ్చినచో పాటతోబాటు సెకండునకు 100 కంపనముల గుయ్యిమను ధ్వనియు వినబడెడిది. ధ్వని వెలుగై, వెలుగు ఫిలిముమీద నీడయై, నీడ మరల వెలుగై, ఆ వెలుగు తిరిగి ధ్వనియై ప్రేక్షకుని చెవి చేరుట అను ఈ ప్రయాణము ప్రతి ఆటలోను జరిగెడిది.

ఇక అభిరుచిగల యువకులు ట్యూబును పాటకు కట్టు విధానము. వారు నాలుగడుగుల ట్యూబును వాడరు. కరెంటు కోతల కాలమున ఇంటింట నుండిన ఎమర్జెన్సీ లైటునందలి 4, 6 లేక 8 వాట్ల చిన్న ట్యూబును తీసికొందురు. ఆరంగుళముల 4 వాట్ల ట్యూబు వెలుగుచుండుటకు సుమారు 30 వోల్టులే చాలును. కాని అంటుటకు అంతకు పలురెట్లు కావలయును. యాంప్లిఫైయరు స్పీకరునకు ఇచ్చునది కొద్ది వోల్టులు మాత్రమే. ఈ కొద్దిని హెచ్చించుటకు 230 వోల్టులను 9 వోల్టులుగ తగ్గించు ట్రాన్స్‌ఫార్మరును వెనుకతట్టు త్రిప్పి వాడెదరు. 9 వోల్టుల వైపు పాట ప్రవేశించినచో రెండవ వైపున సుమారు ఇరువదియైదు రెట్లు హెచ్చి వెలువడును. అట్టి ట్రాన్స్‌ఫార్మరులు, ట్యూబులు, ఇతర విడిభాగములు హైదరాబాదు కోఠియందలి గుజరాతీ గల్లీలో దొరకును. తరతరముల రేడియో మరమ్మతుదారులకును, విద్యార్థులకును ఆ గల్లీ పాఠశాల వంటిది.

ఇట్లు కట్టిన దీపము ఎట్లు ప్రవర్తించును? పాట మెల్లగ నున్నంతవరకు చీకటియే. వోల్టులు అంటు మేరకు చేరినంతనే భగ్గున వెలుగును. పాట తగ్గినంతనే ఆరిపోవును. డప్పు వాయించినచో ప్రతి దెబ్బకు ఒక మెరపు. ఒగ్గుకథ డోలు వాయించినచో మెరపుల వరుస. సన్నాయి ఊదినచో స్వరము సాగినంతసేపు నిలకడయైన వెలుగు. ఏలయన సన్నాయి కంపనములు సెకండునకు వందలకొలది. కన్ను వానిని విడివిడిగ చూడజాలదు. కంటికి తెలియునది స్వరము కాదు, దాని హెచ్చుతగ్గుల బాహ్యరూపమే. దరువు కంటికి కనబడును, రాగము కనబడదు. ఈ భేదమును గ్రహించినవాడు కంటికిని చెవికిని గల తారతమ్యమును గ్రహించినట్లే.

ఆ దీపము నెదుట పైని చెప్పిన సోలారు పలకను పెట్టి వినినచో మరియొక వింత తెలియును. పాట వినబడును గాని వికారముగ వినబడును. ప్రవాహము ముందునకు పోయినను వెనుకకు పోయినను దీపము వెలుగును గనుక ప్రతి కంపనము రెండు మెరపులగును. కావున స్వరము ఒక స్థాయి పైకి ఎక్కి, మగవాని కంఠము కీచుకంఠమై, మెల్లని అక్షరములు చీకటిలో మునిగి, మాట ముక్కముక్కలగును. దీనికి మందు ఒక్కటే. దీపమును ముందుగనే ఒకే దిక్కున పారు నిలకడ ప్రవాహముతో సగము వెలుగున నిలిపి యుంచి, ఆ వెలుగును పాటతో కొంచెము హెచ్చించి కొంచెము తగ్గించుట. అప్పుడు దీపము ఆరిపోదు, మరల అంటుకొను అవసరమును లేదు. మాట స్పష్టముగ వినబడును. బావి నీటిపై చిన్న అల పుట్టవలెనన్న ముందు బావిలో నీరుండవలెను గదా! రేడియోకు, టెలిఫోనుకు, నేటి కాంతి తంతులకు గూడ ఇదియే మూలసూత్రము.

ఇందును రెండు చిక్కులు కలవు. ప్రవాహము ఎల్లప్పుడు ఒకే దిక్కున పారినచో పాదరసము క్రమక్రమముగ ఒక కొనకు చేరి, రెండవ కొన మసకబారును. అప్పుడప్పుడు తీగెలను తారుమారు చేయుచుండవలయును. రెండవది, తెల్లపొడి ఉత్తేజము తగ్గిన వెంటనే ఆరదు. పొడిలోని కొన్ని పదార్థములు సెకండులో వెయ్యవ వంతులు కొన్ని గడచుదాక వెలుగుచునే యుండును. కావున ఎత్తైన స్వరములు మసకలో కలిసిపోవును. మరియు, ముందు చెప్పిన గండి సంగతి ఇచ్చటను వర్తించును. ట్యూబు అంటుకొన్న పిమ్మట దాని వోల్టులు పడిపోవును గనుక, ప్రవాహమును నిలుపు రెసిస్టరు నడుమ లేనిచో ట్రాన్స్‌ఫార్మరు గుండ యాంప్లిఫైయరుపైననే భారము పడి అది కాలిపోవును.

ఇప్పుడు సభలోని తల్లిదండ్రులు ప్రత్యేకముగ వినవలసిన మాట. వెనుకకు త్రిప్పిన ట్రాన్స్‌ఫార్మరు కొనలయందు రెండువందల వోల్టులకు మించి పుట్టును. పాట పెట్టి నుండి వచ్చినదే గదా యని తాకినచో అది ఇంటి కరెంటు వలెనే కొట్టును. శరీరము గుండ 30 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆంపియరులో నూరింట మూడు వంతులు పారినను ప్రాణాపాయము కలుగవచ్చును. కరెంటు తీసివేసిన తరువాతను కెపాసిటరులలో విద్యుత్తు నిలిచి యుండును. చౌకగ దొరకు కొన్ని పరికరములలో ట్రాన్స్‌ఫార్మరు లేక, ఇంటి కరెంటు నేరుగ లోపలి తీగెలకు తగులుచుండును. అట్టివానికి తీగెలు తగిలించుట మృత్యువుతో చెలగాటము. వినాయక చవితి వానకారులో వచ్చును. తడిసిన నేల, ఇనుప కమ్ముల మండపము, అతుకుల తీగెలు, వీధి స్తంభమునకు తగిలించిన కొక్కెము, ఈ నాలుగు ఒకచోట చేరిన రాత్రి పండుగ శోకముగ మారుటకు క్షణము చాలును.

కావున పాటింపవలసిన నియమములు: వీధి స్తంభమునుండి కొక్కెముతో కరెంటు తీయరాదు. మండపమునకు ఎర్తు కనెక్షను, 30 మిల్లీ ఆంపియర్లకు తెగు ఆర్.సి.సి.బి. అను రక్షక స్విచ్చి తప్పనిసరిగ నుండవలయును. ట్యూబు ప్రయోగమును చేయగోరువారు అనుభవజ్ఞుని యెదుట, ఆరిన చెక్క బల్లపైన, తీగె కొనలన్నిటిని కప్పి చేయవలయును. ఒంటరిగ చేయరాదు. బాలురు చేయదలచినచో ట్యూబును విడిచి, 5 లేక 12 వోల్టుల ఎల్.ఇ.డి. దీపములతో చేయుట ఉత్తమము. సూత్రమదియే, పాఠమదియే, ప్రాణభయము లేదు. ఎల్.ఇ.డి. దీపము ట్యూబు కంటె చాల వేగముగ స్పందించును గనుక మాట మరింత స్పష్టముగ వినబడును. మరియొకటి: సెకండునకు 3 మొదలు 30 వరకు మెరయు తీవ్రమైన వెలుగు కొందరికి మూర్ఛను కలిగించును. మూర్ఛవ్యాధి గలవారున్న చోట ఇట్టి దీపములను ఆపివేయుట మానవ ధర్మము.

ట్యూబు పగిలినచో వెంటనే చీపురుతో ఊడ్వరాదు. పాదరసపు పొగ, పొడి గాలిలో లేచును. కిటికీలు తెరచి, కొంతసేపు బయట నుండి, పిదప దళసరి కాగితముతో ముక్కలను ఎత్తి సీసాలో మూయవలయును. పాత ట్యూబులను బావిలోను, కుంటలోను పారవేయుట మహాపరాధము. మొయినాబాదు ప్రాంతము ఒకవైపు మూసీపై 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరునకు, మరియొకవైపు ఈసీపై 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరునకు చేరువనున్నది. హైదరాబాదు నగరము దాహము తీర్చుకొన్న నీళ్లు ఇవి. పాదరసము నీటిలో చేరినచో చేపలలోనికి, చేపలనుండి మనుష్యులలోనికి ప్రాకును. జపానునందలి మినమాటా ప్రజలు 1950 దశకమున పాదరసపు విషముచే అనుభవించిన యాతన ప్రపంచమున కొక హెచ్చరిక. ఆ ఊరి పేరనే 2013లో అంతర్జాతీయ ఒప్పందము వెలసినది. ఆ ఒప్పంద దేశములు 2023లో సమావేశమై, ట్యూబులైట్ల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి దశలవారీగ నిలుపవలెనని తీర్మానించినవి.

కావున ట్యూబులైటు పయనమునకు సిద్ధమైన అతిథి. 2015 నుండి ప్రభుత్వమువారి ఉజాల పథకము ద్వారా ఎల్.ఇ.డి. దీపములు పల్లెలకు చవుకగ చేరినవి. అయితే వెలుగుచేత మాటలాడించు విద్య ట్యూబుతో అంతరింపదు. 1990 దశకమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు స్టీవెన్ లీబ్, ఆయన సహచరులు గది కప్పునందలి ట్యూబులైట్ల చేతనే సమాచారమును పంపించిరి. కంటికి ఏ మినుకును తోచకుండ, ఎలక్ట్రానిక్ చోక్ వేగమును స్వల్పముగ మార్చుట వారి ఉపాయము. 2011లో ఎడింబరోలో హెరాల్డ్ హాస్ ఎల్.ఇ.డి. బల్బు వెలుగుతో చలనచిత్రమును పంపి చూపెను. భారత్‌నెట్ పథకము క్రింద గ్రామ పంచాయతీలకు వేయు గాజు తంతులలో పోవునదియు వెలుగే. పట్నములోని కుమారుని మాట పల్లెలోని తల్లి చెవిని చేరుటలో దారి పొడవున ఎచ్చటనో ఒకచోట వెలుగే దానిని మోయుచున్నది.

ఈ విద్యకు వినోదమును మించిన ప్రయోజనము మరియొకటి కలదు. చెవులు వినబడనివారి ఇండ్లయందు తలుపు గంటకు బదులుగ, పసిబిడ్డ ఏడ్పునకు బదులుగ దీపము మెరయు ఏర్పాట్లు ఈ సూత్రముపైననే నిర్మింపబడినవి. డప్పు దెబ్బకు దీపము మెరయునప్పుడు వినికిడి గలవారికి అది అలంకారము మాత్రమే. వినికిడి లేని బాలునకు అదియే దరువు. పదిమంది అడుగులు వేయుచుండగ తానును వారితో సమముగ అడుగు వేయుట అతనికి ఆ వెలుగువలన సాధ్యమగును. పందిటిలో దీపమును కట్టు యువకులు ఈ మాటను తలచి, ఆ దీపమును అట్టి బాలుడు నిలుచు వైపునకు త్రిప్పినచో వారి శ్రమ సార్థకమగును.

తెలుగు ప్రజలకు విజ్ఞానమును తెలుగుననే అందించు యత్నము హైదరాబాదులో చిరకాలముగ నున్నది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారి కృషితో విజ్ఞాన చంద్రికా మండలి అచ్చటనే పుట్టినవి. మండలివారు చరిత్రతోబాటు భౌతిక, రసాయన, జీవ శాస్త్రములను తెలుగున ముద్రించిరి. 1935లో దక్కను రేడియో పలికినది. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను వెలసినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు అను పల్లెలో జన్మించిన ఆయన దేశమునకు ఎలక్ట్రానిక్ విద్య నేర్పినవారిలో అగ్రగణ్యులు. పల్లెలో పుట్టుట ఈ విద్యకు అడ్డు కాదనుటకు ఆయన జీవితమే నిదర్శనము.

కావున ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. కావ్యములు, నవలలు, పోటీ పరీక్షల పుస్తకములు నుండు బీరువాల ప్రక్కన ఒక చిన్న చెక్కపెట్టెను ఉంచవలయును. అందు ఒక సోలారు పలక, బ్యాటరీతో నడచు చిన్న యాంప్లిఫైయరు, కొన్ని ఎల్.ఇ.డి. దీపములు, ఒక టార్చి, ఒక దువ్వెన యుండిన చాలును. వెల కొద్ది వందల రూపాయలకు మించదు. పుస్తకము నిచ్చినట్లే చందాదారుల పిల్లలకు ఆ పెట్టెను ఇంటికి పంపవలయును. తిరిగి తెచ్చినప్పుడు ఏమి వింటివి, ఏమి చూచితివి అని అడిగి, వారి మాటలలోనే ఒక నోటు పుస్తకమున వ్రాయించవలయును. ఇరువదియైదేండ్ల పిమ్మట స్వర్ణోత్సవము జరుగునప్పుడు ఆ నోటు పుస్తకము ఈ గ్రంథాలయపు అమూల్య గ్రంథములలో నొకటి కాగలదు.

దీపమునకు చెవులు లేవు. ధ్వని ననుసరించి ప్రవాహమును హెచ్చించి తగ్గించు మనుష్యుని బుద్ధియే దానికి చెవియైనది. ఆ బుద్ధిని భయపెట్టి ఆర్పక, జాగ్రత్త నేర్పి నిలుపు బాధ్యత పెద్దలది, ఉపాధ్యాయులది, గ్రంథాలయములది. చిన్న మంగళారము గ్రంథాలయము ఆ బాధ్యతను చిరకాలము నిర్వహించుగాక!